చలికాలంలో ఇల్లు అమ్మి ఇంకోటి కొనడం మంచిదేనా, వసంతం దాకా ఆగాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. మంచు బాగా పడే ఊళ్లో ఉంటున్నారు. ఇప్పుడున్న ఇల్లు చాలడం లేదు, అది అమ్మి అదే ఊళ్లో కాస్త పెద్దది కొనాలనుకుంటున్నారు. ఒక ఇల్లు నచ్చింది కూడా, కానీ అది కొన్ని నెలలుగా ఖాళీగా ఉంది. మీ ఏజెంటేమో చలికాలంలో మార్కెట్ పడిపోతుంది, వసంతం వచ్చాక చూద్దాం అంటున్నాడు. మీ బావగారేమో ఇప్పుడైతేనే చవగ్గా దొరుకుతుంది, వదులుకోవద్దు అంటున్నారు. ఎవరి మాట వినాలి అని అడిగారు.

సూటిగా చెప్తాను. నచ్చిన ఇల్లు ఇప్పుడే కొనండి, మీ ఇల్లు కూడా ఇప్పుడే అమ్మకానికి పెట్టండి. అయితే ఒక షరతు. చలికాలంలో చూడ్డానికి వీలుకాని భాగాలు ఇంటికి కొన్ని ఉంటాయి. వాటికోసం అగ్రిమెంట్‌లో విడిగా రాయించుకోవాలి, కొంత డబ్బు పక్కన పెట్టించుకోవాలి. దానికి అమ్మేవాళ్లు ససేమిరా అంటే మాత్రం ఆ ఇల్లు వదిలేయండి, లేదా మంచు కరిగేదాకా ఆగండి.

నేను మొదట్లో ఇళ్లు అమ్మిపెట్టే ఏజెంట్‌గా చేశాను. తర్వాత కొనేవాళ్ల తరఫున ఇళ్లు తనిఖీ చేసే పనిలోకి వచ్చి ఇప్పటికీ అదే చేస్తున్నాను. అందుకని బేరం సంగతి కొంచెం, గోడలూ పైపుల సంగతి ఎక్కువ రాస్తాను. ఓపిగ్గా చదవండి.

ముందు ధర సంగతి

మీ బావగారు చెప్పింది అబద్ధం కాదు. చల్లటి దేశాల్లో ఇళ్ల అమ్మకాలు వసంతం, ఎండాకాలాల్లో పెరగడం, చలికాలంలో తగ్గడం ఏటా జరిగేదే. రేచల్ న్గాయ్, సిల్వానా టెన్‌రేరో అనే ఇద్దరు ఆర్థికవేత్తలు బ్రిటన్, అమెరికా లెక్కల మీద దీన్ని పరిశీలించి 2014లో ‘అమెరికన్ ఎకనామిక్ రివ్యూ’లో రాశారు. ధరలు కూడా అలాగే ఊగుతాయని చూపించారు. వాళ్లు చెప్పిన కారణం నాకు బాగా నచ్చింది. ఎండాకాలంలో అమ్మకానికి ఎక్కువ ఇళ్లు ఉంటాయి కాబట్టి ఎవరికి కావలసిన ఇల్లు వాళ్లకు దొరికే అవకాశం ఎక్కువ. మనసుకు సరిగ్గా సరిపోయిన ఇంటికి మనిషి నాలుగు డబ్బులు ఎక్కువ పెట్టడానికి వెనకాడడు. అది చూసి మరికొందరు అమ్మేవాళ్లూ, కొనేవాళ్లూ ఆ నెలల్లోనే దిగుతారు.

దీన్ని తిరగేసి చూడండి. చలికాలంలో ధర తగ్గేది అందరూ గతిలేక అమ్ముతున్నారని కాదు. ఉన్న పది ఇళ్లలో మీకు సరిపోయేది ఉండే అవకాశం తక్కువ కాబట్టి. అంటే రాజీపడి ఏదో ఒకటి కొనేవాడికి ఆ తగ్గింపు నిజమైన లాభమేం కాదు, తగ్గిన డబ్బుకు తగ్గిన ఇల్లే వస్తుంది. మీ సంగతి వేరు. మీకు నచ్చిన ఇల్లు ఇప్పటికే దొరికింది. ఆ తగ్గింపు పూర్తిగా అనుభవించేది మీలాంటి వాళ్లే.

మరి అమ్మకంలో నష్టపోమా అంటారా? చిన్న లెక్క చూద్దాం. మీ ఇంటి విలువ వంద, కొనబోయే ఇంటి విలువ నూట యాభై అనుకోండి. చలికాలం వల్ల రెండూ మూడు శాతం తగ్గాయనుకుందాం (లెక్క కోసం వేసుకున్న అంకె ఇది, మీ ఊరి అంకె కాదు). అమ్మకంలో మూడు పోయింది, కొనుగోలులో నాలుగున్నర మిగిలింది. అదే ఊళ్లో చిన్న ఇంటి నుంచి పెద్ద ఇంటికి వెళ్లేవాళ్లకు ధరలు దిగి ఉన్న కాలమే మేలు. మీ ఏజెంట్ అమ్మకం ఒక్కటే చూసి చెప్పినట్టున్నాడు. పెద్ద ఇల్లు అమ్మేసి చిన్న ఇంటికి వెళ్లేవాళ్లు, ఉన్నది అమ్మేసి వేరే ఊరు వెళ్లిపోయేవాళ్లు ఇదే ప్రశ్న అడిగితే నేనూ వసంతం దాకా ఆగమనే చెప్పేవాణ్ని.

ఇంకో మాట. సీజన్ తేడా కంటే ఒక ఇంటికీ ఇంకో ఇంటికీ ఉండే తేడా చాలా ఎక్కువ. అమ్మేవాళ్ల అవసరాన్ని బట్టి వచ్చే తేడా ఇంకా ఎక్కువ. నేను ఏజెంట్‌గా ఉన్నప్పుడు ఒకే వీధిలో, ఒకే వయసున్న రెండు ఇళ్లు ఒకే చలికాలంలో అమ్మకానికి వచ్చాయి. ఒకాయనకు వేరే ఊళ్లో ఉద్యోగం వచ్చి అప్పటికే వెళ్లిపోయాడు, ఇక్కడ వాయిదాలు, అక్కడ అద్దె. రెండోవాళ్లు “ఎంతొస్తుందో చూద్దాం” అని పెట్టినవాళ్లు. మొదటి ఇల్లు బాగానే తగ్గించి ఇచ్చారు. రెండోవాళ్లు చలికాలమంతా పైసా తగ్గకుండా కూర్చున్నారు. ఇద్దరికీ నెల ఒకటే, మంచు ఒకటే.

కాబట్టి ఆ ఇంటివాళ్ల అవసరం ఎంతో తెలుసుకోండి. “ఎందుకు అమ్ముతున్నారు?” అని అడిగితే అందరూ తయారుగా పెట్టుకున్న జవాబే చెప్తారు. “ఎప్పటికల్లా ఇది తెమిలిపోతే మీకు బాగుంటుంది?” అని అడగండి. ఆ తేదీ చెప్పేటప్పుడే తెలిసిపోతుంది. ఇల్లు ఎప్పట్నుంచి అమ్మకానికి ఉంది, ధర ఎన్నిసార్లు తగ్గించారు, మధ్యలో తీసేసి కొత్తగా పెట్టినట్టు మళ్లీ పెట్టారా అన్నవి కూడా చూడండి. ఆరు నెలల పాత లిస్టింగ్‌కు (అమ్మకపు ప్రకటనకు) కొత్త తేదీ వేసి పెట్టడం ఈ వ్యాపారంలో మామూలే.

చలికాలం ఇంటి గురించి ఏం బయటపెడుతుంది

నన్నడిగితే మంచు ప్రాంతంలో ఇల్లు చూడ్డానికి చలికాలం కంటే మంచి కాలం లేదు. ఎండాకాలంలో కిటికీలన్నీ తీసి, గాలి ఆడుతుంటే ఏ ఇల్లయినా బాగానే ఉంటుంది.

వీలైనంత చలిగా ఉన్న రోజు వెళ్లండి, ఒకసారి మధ్యాహ్నం, ఒకసారి చీకటిపడ్డాక. లోపలికి అడుగుపెట్టగానే “అబ్బ, వెచ్చగా ఉంది” అని సంబరపడిపోకండి. బయటివైపు గోడకు అరచెయ్యి ఆనించి చూడండి. గాలి తొందరగా వేడెక్కుతుంది, గోడకు చాలా సమయం పడుతుంది. గాలి వెచ్చగా ఉండి గోడ చల్లగా తగిలితే, మీరొస్తున్నారని గంట ముందు హీటింగ్ పెంచారన్నమాట, లేదా ఆ గోడలో ఇన్సులేషన్ (వేడి బయటికి పోకుండా ఆపే పొర) సరిగా లేదు. తర్వాత థర్మోస్టాట్ మూడు డిగ్రీలు పెంచమనండి. ప్రతి గదికీ వెళ్లి వేడి వస్తోందో లేదో చూడండి. మూలగది, గ్యారేజ్ మీద కట్టిన గది, మేడ మీద చివరి బాత్‌రూమ్, ఈ మూడూ ముఖ్యం. నా అనుభవంలో ఫిర్యాదులు ఎక్కువగా వచ్చేవి అక్కడి నుంచే.

ఇంటిని వేడిచేసే యంత్రం, అది ఫర్నేస్ అయినా బాయిలర్ అయినా, దాని మీద తయారీ సంవత్సరం ఉంటుంది, చూసి రాసుకోండి. ఫర్నేస్ మామూలుగా పదిహేను నుంచి ఇరవై ఏళ్లు పనిచేస్తుంది. పద్దెనిమిదేళ్లది ఇప్పుడు బాగానే తిరుగుతున్నా మార్చే ఖర్చును బేరంలో కలుపుకోవాల్సిందే. ఏటా సర్వీసింగ్ చేయించిన కాగితాలు అడగండి. గ్యాస్‌తో గానీ నూనెతో గానీ నడిచేదైతే లోపలి హీట్ ఎక్స్‌చేంజర్ (మంట వేడిని ఇంటి గాలికి అందించే భాగం) పగిలిందేమో మెకానిక్‌తో చూపించాలి, అది పగిలితే ఇంట్లోకి కార్బన్ మోనాక్సైడ్ రావచ్చు. దానికి రంగూ వాసనా ఉండవు. ఈ ఒక్క విషయంలో మొహమాటం వద్దు.

తర్వాత కిటికీలు. ఇంట్లో 20 డిగ్రీల వేడి, గాలిలో 50 శాతం తేమ ఉంటే, 9 డిగ్రీల దగ్గరకు చల్లబడిన ఏ ఉపరితలం మీదైనా చెమ్మ పడుతుంది. బయట సున్నా డిగ్రీలుంటే ఒంటి అద్దం కిటికీ లోపలి ముఖం అంతకంటే చల్లగానే ఉంటుంది, అందుకే దాని మీద నీళ్లు కారతాయి. రెండు అద్దాల కిటికీ అలా కారకూడదు. కారుతోందంటే ఇంట్లో తేమ బాగా ఎక్కువగా ఉంది, గాలి బయటికి పోయే దారి లేదు. చెమ్మ రెండు అద్దాల మధ్యలో ఉంటే సీల్ పోయింది, తుడిస్తే పోయేది కాదు, ఆ గాజు మార్చాల్సిందే. కిటికీ చెక్క కింది మూలల్లో నల్లమచ్చలున్నాయా, బీరువా వెనక గోడకు బూజు పట్టిందా అన్నది కూడా చూడండి. బయటి గోడకు ఆనించిన సామాను జరపమని అడగడం తప్పేం కాదు.

ఇక పైకప్పు. మంచు పడిన మర్నాడు ఆ వీధిలో నడవండి. పక్కిళ్ల కప్పుల మీద మంచు దట్టంగా ఉండి ఈ ఇంటి మీద మాత్రం మచ్చలు మచ్చలుగా కరిగిపోయిందంటే, లోపలి వేడి అటక గుండా పైకి పోతోంది. అలా కరిగిన నీరు కిందికి జారి, చూరు దగ్గర చల్లగా ఉంటుంది కాబట్టి అక్కడ మళ్లీ గడ్డకట్టి కట్టలా నిలుస్తుంది. దాని వెనక చేరిన నీరు షింగిల్స్ (కప్పు మీద పరిచే పలకలు) కిందికి ఎక్కి ఇంట్లోకి దిగుతుంది. చూరుకు వరసగా పెద్ద పెద్ద మంచు సూదులు వేలాడుతుంటే ఫొటోలో అందంగానే ఉంటుంది గానీ నాకైతే వాటిని చూడగానే అటకలోకి ఎక్కాలనిపిస్తుంది. ఎండ పడే వైపు తొందరగా కరగడం మామూలే, అందుకని ఒకే దిక్కుకు ఉన్న కప్పుల్నే పోల్చండి.

ఇప్పుడు మీకు నచ్చిన ఇంటికి సంబంధించిన అసలు విషయం. పైన చెప్పిన పరీక్షల్లో చాలా వరకు మనుషులు కాపురం ఉంటున్న ఇంటికే పనికొస్తాయి. మీరు చూసిన ఇల్లు ఖాళీ. అందులో వంట లేదు, స్నానాలు లేవు, బట్టలు ఆరేయడం లేదు, కాబట్టి తేమ పుట్టదు. కిటికీలు పొడిగా ఉన్నాయంటే కిటికీలు మంచివని కాదు. హీటింగ్ తగ్గించి ఉంచారు కాబట్టి కప్పు మీద మంచు చెక్కుచెదరకుండా ఉంటుంది, అటకలో ఇన్సులేషన్ బాగుందనుకుంటారు. అందుకే తనిఖీకి కనీసం రెండు రోజుల ముందు నుంచి హీటింగ్ 20 డిగ్రీల దగ్గర పెట్టి ఉంచమని రాతపూర్వకంగా అడగండి. ఆ ఖర్చు మీరే పెట్టుకుంటామన్నా నష్టం లేదు. అప్పుడు థర్మల్ కెమెరా ఉన్న ఇన్‌స్పెక్టర్‌ను పిలవండి. లోపలికీ బయటికీ కనీసం పది డిగ్రీల తేడా ఉంటేనే ఆ కెమెరాలో ఇన్సులేషన్ లేని చోట్లు, గాలి దూరే సందులు స్పష్టంగా కనిపిస్తాయి. ఎండాకాలంలో ఆ తేడా దొరకడం కష్టం, ఇప్పుడు దానంతటదే ఉంది.

వెలుతురు గురించి కూడా. చలికాలం నడిమధ్య సూర్యుడు చాలా కిందుగా తిరుగుతాడు. 45 డిగ్రీల అక్షాంశం దగ్గర ఆ రోజుల్లో మిట్టమధ్యాహ్నం కూడా 22 డిగ్రీల ఎత్తు దాటడు. మధ్యాహ్నం పన్నెండుకు హాల్లో ఎండ పడుతుంటే ఆ ఇల్లు ఏడాదంతా వెలుతురుగానే ఉంటుందని ధైర్యంగా అనుకోవచ్చు. ఒక్క మెలిక ఉంది. ఇప్పుడు చెట్లకు ఆకులు లేవు. ఆకులొచ్చాక నీడ పెరుగుతుంది. ఇప్పుడు వంటింటి కిటికీలోంచి పక్కింటివాళ్ల హాలు కనిపిస్తుంటే ఎండాకాలంలో కనిపించకపోవచ్చు.

చెక్క నేలలో సన్నటి సందులు కనిపిస్తే కంగారు పడొద్దు. చలికాలపు పొడిగాలికి చెక్క కుంచించుకుపోయి సందులు తెరుచుకుంటాయి, తేమ కాలంలో మళ్లీ కలుస్తాయి. తలుపులు మాత్రం దీనికి ఉల్టా. ఇప్పుడు హాయిగా మూసుకునే తలుపు తేమ కాలంలో బిగుసుకోవచ్చు.

నేల నుంచి రేడాన్ వాయువు (ఊపిరితిత్తులకు హాని చేసే రేడియోధార్మిక వాయువు) వచ్చే ప్రాంతమైతే ఆ పరీక్షకూ ఇదే మంచి సమయం. తలుపులు మూసి ఉంచడం వల్ల, ఇంట్లోని వేడిగాలి పైకి లేస్తూ నేలలోంచి గాలిని లాగడం వల్ల రేడాన్ సాధారణంగా చలికాలంలోనే ఎక్కువగా ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఘనపు మీటరుకు 100 బెక్వెరెల్‌లను (రేడియోధార్మికతను కొలిచే ప్రమాణం) సూచికగా చెప్తుంది. చాలా దేశాలు తమ సొంత పరిమితులు పెట్టుకున్నాయి, మీ దగ్గర ఎంతో ఇన్‌స్పెక్టర్‌కు తెలుస్తుంది.

చలికాలం ఏం దాచేస్తుంది

మంచు కప్పిన పైకప్పు ఎక్కమని ఏ ఇన్‌స్పెక్టర్‌నూ బలవంతపెట్టకండి. కానీ అటకలోకి ఎక్కి కింది నుంచి చూడమనండి. కప్పులోంచి లోపలికి పొడుచుకొచ్చిన మేకుల కొనలు తుప్పు పట్టి, చుట్టూ చెక్క నల్లబడి ఉంటే, ఇంట్లోని తేమగాలి అటకలోకి వెళ్లి ఆ చల్లటి మేకుల మీద పేరుకుంటోందని అర్థం. బాగా చలిగా ఉన్న రోజున ఆ కొనల మీద తెల్లటి మంచు పొడి కూడా కనిపిస్తుంది. ఎండలు రాగానే అదంతా కరిగి సీలింగ్ మీద మరకలవుతుంది. అప్పుడు కప్పు కారుతోందని పనివాణ్ని పిలుస్తారు, అతను షింగిల్స్ మారుస్తాడు, తర్వాతి ఏడాది మళ్లీ అదే మరక. కప్పు బాగానే ఉంటుంది, అటకలోకి వెళ్లే తేమగాలిని ఆపాల్సింది ఎవరూ ఆపరు.

ఏసీని ఇప్పుడు నడిపి చూడకూడదు. బయట సుమారు 15 డిగ్రీల కంటే తక్కువ ఉన్నప్పుడు మామూలు ఏసీ నడిపితే కంప్రెసర్ పాడయ్యే ప్రమాదం ఉంది. “ఒక్కసారి ఆన్ చేసి చూపిస్తా” అని అమ్మేవాళ్లు అన్నా వద్దనండి. అదే వేడికీ చల్లదనానికీ పనికొచ్చే హీట్ పంప్ అయితే వేడి వైపు నడిపి చూడొచ్చు, కంప్రెసర్ ఒకటే కాబట్టి చాలా వరకు తెలిసిపోతుంది.

వాన నీరు ఎటు పోతుంది, పెరడు వాలు ఇంటివైపు ఉందా బయటికి ఉందా, కాలిబాట పగిలిందా, సరిహద్దు రాళ్లు ఎక్కడున్నాయి, సెప్టిక్ ట్యాంక్ ఎలా ఉంది, ఈత కొలను ఉంటే దాని పరిస్థితేంటి... ఇవన్నీ మంచు కిందే. బేస్‌మెంట్ ఉంటే గోడల మీద ఉప్పులా తెల్లటి పొర ఉందా, నేలకు దగ్గర్లో గోడ మీద నీటి గీత ఉందా, పెట్టెలన్నీ ఎత్తు పీటల మీద పెట్టుకున్నారా అని చూడండి. ఇవన్నీ అక్కడికి నీళ్లొస్తాయనడానికి గుర్తులు. మూడోది ఎవరూ దాచాలనుకోరు, అందుకే నమ్మదగ్గది.

వీటికి పరిష్కారం అగ్రిమెంట్‌లోనే ఉంది. చూడలేకపోయిన వాటి పేర్లు ఒక్కొక్కటీ రాసి, కొంత మొత్తం లాయర్ దగ్గర గానీ మధ్యవర్తి ఖాతాలో గానీ ఉంచి, మంచు కరిగాక ఫలానా తేదీలోపు తనిఖీ చేసి, లోపముంటే ఆ డబ్బులోంచి తీసుకునేలా షరతు పెట్టించండి. అన్ని చోట్లా చట్టం ఒకేలా ఉండదు కాబట్టి మాటలు మీ లాయర్‌తోనే రాయించండి. “అన్నీ మంచి స్థితిలో ఉన్నాయి” అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టనివ్వకండి. “పైకప్పు”, “ఏసీ”, “నీటి పారుదల” అని విడివిడిగా ఉండాలి. ఎవరు తనిఖీ చేస్తారు, ఖర్చు ఎవరిది, తేదీ దాటితే డబ్బు ఎవరికి వెళ్తుంది అన్నవి కూడా ఉండాలి. ఈ షరతు పెట్టమన్నప్పుడు అమ్మేవాళ్ల మొహం చూడండి. దాచడానికి ఏమీ లేనివాళ్లు మొత్తం దగ్గర బేరమాడతారు. ఏదో ఉన్నవాళ్లు అసలు షరతే వద్దంటారు. అందరూ అంతేనని అనను గానీ నేను చూసినంతలో ఎక్కువగా ఇలాగే జరిగింది.

తనిఖీలో బయటి పనులేవైనా తేలితే “మేం బాగుచేయించి ఇస్తాం” అంటే ఒప్పుకోకండి. గడ్డకట్టే చలిలో బయటి రంగు, సిమెంట్ పని, షింగిల్స్ సరిగా పట్టవు. షింగిల్స్ ఒకదానికొకటి అతుక్కోవాలంటే ఎండ వేడి కావాలి. పనికి బదులు డబ్బు తగ్గించమనండి, వేసవిలో మీ మనిషితో మీరే చేయించుకోండి.

ఖాళీ ఇల్లు: పైపుల దగ్గర జాగ్రత్త

నీరు గడ్డకడితే పరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. పైపు సాధారణంగా ఆ గడ్డ దగ్గరే పగలదు. గడ్డకూ మూసి ఉన్న కుళాయికీ మధ్య చిక్కుకున్న నీటి ఒత్తిడి పెరిగి అక్కడ పగులుతుంది. అందుకే పగులు ఎక్కడుందో ఊహించలేం. గడ్డ కరిగేదాకా చుక్క కూడా కారదు, ఇల్లు పొడిగా ఉన్నట్టే ఉంటుంది.

ఒకసారి ఇలాంటి ఖాళీ ఇంటికే తనిఖీకి వెళ్లాను. నీళ్లు కట్టేసి ఉన్నాయి. “వాల్వ్ తిప్పితే చాలు, అన్నీ వస్తాయి” అన్నాడు అమ్మేవాళ్ల ఏజెంట్. అయితే తిప్పండి, ఇల్లు వేడెక్కేదాకా ఇక్కడే కూర్చుందాం అన్నాను. మొదట్లో అన్ని కుళాయిలూ బాగానే వచ్చాయి, ఆయనకు విసుగొచ్చింది కూడా. కొన్ని గంటలు హీటింగ్ నడిచాక మేడ మీద బాత్‌రూమ్ గోడ వెనక నుంచి కింది సీలింగ్‌లోకి నీళ్లు దిగడం మొదలైంది. రిజిస్ట్రేషన్ అయ్యాక అయితే అది కొన్నవాళ్ల ఖర్చు.

కాబట్టి మీరు అడగాల్సినవి: చలి మొదలవకముందే పైపుల్లో నీళ్లు పూర్తిగా దింపేశారా? ఎవరు చేశారు, రసీదు ఉందా? దింపకపోతే హీటింగ్ ఆగకుండా నడిచిందా? కరెంట్, గ్యాస్ బిల్లులు చూస్తే తెలిసిపోతుంది, మధ్యలో ఒక నెల బిల్లు అనుమానంగా తక్కువ ఉంటే ఆ నెలలో చలి ఎంత పడిందో చూడండి. తనిఖీ రోజున ఇల్లు వెచ్చగా ఉన్నప్పుడే నీళ్లు వదలండి. అన్ని కుళాయిలూ మూసి వాటర్ మీటర్ దగ్గర కాసేపు నిలబడండి. ముల్లు కదిలితే ఎక్కడో కారుతోంది. తర్వాత అన్నీ ఒకేసారి తెరిచి, ఫ్లష్‌లు నొక్కి, సింక్‌ల కింద టార్చ్ వేసి చూడండి. తాళాలు తీసుకునే ముందు చివరి చూపులో కూడా ఇదంతా మళ్లీ చేయండి.

బీమా సంగతి చాలామంది మర్చిపోతారు. చాలా పాలసీల్లో ఇల్లు వరసగా ఇన్ని రోజులు ఖాళీగా ఉంటే పైపులు పగిలిన నష్టం ఇవ్వబోమన్న షరతు ఉంటుంది, తరచు 30 లేదా 60 రోజులు. అమ్మేవాళ్ల పాలసీ ఇంకా చెల్లుతోందో లేదో అడగండి. మీ పేరు మీదికొచ్చిన రోజు నుంచే మీ పాలసీ మొదలవ్వాలి, సామాను చేర్చే రోజు నుంచి కాదు.

మీ ఇల్లు అమ్మడం

ఇక్కడ తక్కువే చెప్తాను, ఎందుకంటే చలికాలంలో అమ్మకం పెద్ద రహస్యమేం కాదు. చూడ్డానికి వచ్చేవాళ్లు తక్కువ, కానీ ఆ చలిలో కాలు బయటపెట్టి వచ్చారంటే కొనే ఉద్దేశంతోనే వచ్చుంటారు. వేసవిలో మాదిరి ఊరికే ఇళ్లు చూసి పోయే జనం ఉండరు. పోటీకి ఉన్న ఇళ్లు కూడా తక్కువే.

ధర ఇప్పటి మార్కెట్‌కు తగ్గట్టు పెట్టండి. కిందటి వసంతంలో పక్కిల్లు ఎంతకు పోయిందో అదే పట్టుకుని కూర్చుంటే ఇల్లు పాతబడిపోతుంది. రెండు నెలల తర్వాత తగ్గించిన ధర, మొదటిరోజే పెట్టిన సరైన ధర, కాగితం మీద రెండూ ఒకటే అయినా కొనేవాడికి ఒకటిగా కనిపించవు.

పచ్చటి చెట్లతో, పూలతో మీ ఇంటి వేసవి ఫొటోలు ఫోన్‌లో ఉంటే రెండు మూడు పెట్టించండి, ఏ కాలంలో తీసినవో రాసి. లోపలి ఫొటోలు మధ్యాహ్నం వెలుతురులో తీయించండి. చూడ్డానికి వచ్చేవాళ్లకు పదకొండు నుంచి రెండు మధ్య సమయం ఇవ్వండి. గదిగదికీ ఒక్కో రంగు బల్బు ఉంటే అన్నీ ఒకే రకం వెచ్చటి రంగువి, 2700 లేదా 3000 కెల్విన్ అని రాసి ఉన్నవి, పెట్టండి. వాకిలి నుంచి గడప దాకా మంచు తీసి, జారకుండా ఇసుకో ఉప్పో చల్లండి. వచ్చినవాడు జారిపడితే బేరం సంగతి అటుంచి లాయర్లు దిగుతారు. ఇల్లు 20, 21 డిగ్రీల దగ్గర ఉంచండి, కోట్లు వేసుకొచ్చేవాళ్లకు అంతకంటే ఎక్కువైతే ఉక్కపోసి తొందరగా వెళ్లిపోతారు. సువాసన కొవ్వొత్తులు మాత్రం వద్దు. మూసిన ఇంట్లో గుప్పుమనే వాసన వస్తే నాలాంటివాడు ముందు చేసే పని, ఏ వాసన దాస్తున్నారా అని వెతకడం.

మీరు ఆ ఖాళీ ఇంటివాళ్లను అడగబోయేవన్నీ మీ కొనేవాళ్లకు ముందే తయారుగా పెట్టండి: పన్నెండు నెలల బిల్లులు, ఫర్నేస్ సర్వీసింగ్ రసీదులు, కప్పు ఎప్పుడు వేయించారో ఆ కాగితం. చలికాలంలో కొనేవాళ్ల టెన్షన్ అంతా కనపడని వాటి గురించే. బల్ల మీద ఆ ఫైలు ఉంటే బేరంలో సగం అనుమానాలు నోటిదాకా రావు.

రెండింటినీ కలపడం

ముందు మీ ఇల్లు లిస్టింగ్‌లో పెట్టండి, వెంటనే ఆ ఇంటికి మీ ఇల్లు అమ్ముడైతేనే కొంటామన్న షరతుతో ఆఫర్ ఇవ్వండి. వసంతంలో నలుగురు పోటీలో ఉన్నప్పుడు ఇలాంటి ఆఫర్‌ను ఎవరూ పట్టించుకోరు. ఇప్పుడు, అదీ నెలల తరబడి ఖాళీగా పడున్న ఇంటికి, ఒప్పుకునే అవకాశం బాగా ఉంది. వాళ్లు బహుశా ఒక మెలిక పెడతారు: ఈలోగా షరతు లేని కొనుగోలుదారు వస్తే మీకు రెండు మూడు రోజులు గడువిచ్చి తేల్చుకోమంటామని. అది న్యాయమే, ఒప్పుకోండి. ఆ గడువు మాత్రం గంటల్లో కాకుండా బ్యాంకు పనిదినాల్లో రాయించండి. ఏడాది చివర సెలవుల్లో బ్యాంకులు, లాయర్ల ఆఫీసులు మూసి ఉంటే మీ మూడు రోజులూ అలాగే పోతాయి.

రెండు రిజిస్ట్రేషన్లూ ఒకే రోజు పెట్టుకోకండి. చలికాలంలో ఒక్క మంచు తుఫానుకు లారీ రాదు, రోడ్లు మూసేస్తారు, మొత్తం గొలుసు తెగుతుంది. మధ్యలో కొన్ని రోజుల వ్యవధి ఉంచుకోండి, వాతావరణం బాగోకపోతే తేదీ జరుపుకోవచ్చని రెండు అగ్రిమెంట్లలోనూ రాయించండి. సామాను మోసేవాళ్లకు వేసవిలోలా గిరాకీ ఉండదు, అందుకని రేటు దగ్గర గట్టిగా బేరమాడొచ్చు, తేదీ మార్చినా పెద్దగా గొడవ చేయరు.

మీరు ఖాళీ చేశాక మీ పాత ఇల్లు కూడా కొన్ని రోజులు ఖాళీ ఇల్లేనని గుర్తుంచుకోండి. హీటింగ్ 13 డిగ్రీల కంటే తగ్గించకండి, సింక్‌ల కింది అరల తలుపులు తెరిచి ఉంచండి, మెయిన్ వాల్వ్ కట్టేయండి. తాళాలు అప్పగించే రోజు మీటర్ల ఫొటో తీసుకుని కొన్నవాళ్లకూ ఒక కాపీ పంపండి.